పెన్‌డ్రైవ్‌తో ఓఎస్ ఎక్కడం లేదా? ఈ విశేషాలు చదవండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సహాయం 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి పాత కంప్యూటర్లలో కొత్త ఓఎస్ ఎక్కించుకునేవారు పెరిగారు. అయితే ఒక్కోసారి పెన్‌డ్రైవ్ పెట్టి సిస్టమ్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఇంగ్లిష్‌లో ఒక వాక్యం వచ్చి పని ఆగిపోతుంది. ‘మదర్‌బోర్డు పోయింది’ అన్న నిర్ణయానికి అప్పుడే రాకండి. ఆ వాక్యానికి చాలాసార్లు కారణం చిన్నది, మందు ఇంట్లోనే ఉంటుంది. ఫైల్ దించుకోవడం నుంచి డిస్కు ఎంచుకోవడం దాకా ఏ మెట్టు దగ్గర ఏం జరుగుతుందో వరసగా చూద్దాం.

★ ఎనిమిది ఎంబీ నుంచి ఎనిమిది జీబీకి

యూఎస్‌బీ ప్రమాణం తొలిసారి 1996లో వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు, బరోడాలో ఇంజనీరింగ్ చదివిన అజయ్ భట్. పెన్‌డ్రైవ్‌లు 2000లో బజారుకొచ్చాయి. మొదట్లో వాటిలో పట్టింది 8 ఎంబీ. ఇవాళ విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ తయారు చేయాలంటే కనీసం 8 జీబీ కావాలి. అంటే వెయ్యి రెట్లు. తయారు చేసేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఫొటోలు, ఫైళ్లు ముందే వేరేచోట దాచుకోవాలి.

★ ఒక్క బిట్ మారినా పట్టేసే 64 అక్షరాలు

ఓఎస్ ఇన్‌స్టాలేషన్ సరంజామా అంతా ఉండే ఒకే ఫైల్‌ను ఐఎస్‌ఓ అంటారు. అది దించుకుంటుండగా దారిలోనే చెడిపోవచ్చు. దాన్ని పట్టుకోవడానికి ఓఎస్ తయారీదారులు ‘ఎస్‌హెచ్‌ఏ-256’ అనే గుర్తును ప్రకటిస్తారు. అందులో 64 అంకెలు, అక్షరాలు ఉంటాయి. ఫైల్ ఎన్ని జీబీలున్నా ఒక్క బిట్ మారితే చాలు, గుర్తు పూర్తిగా వేరుగా వస్తుంది. విండోస్‌లో ‘సెర్ట్‌యుటిల్’, లైనక్స్‌లో ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’ ఆదేశాలు మన ఫైల్ గుర్తును లెక్కగట్టి చూపిస్తాయి. అది తయారీదారు ప్రకటించిన గుర్తుతో సరిపోలితేనే ముందుకెళ్లాలి. ఈ జాగ్రత్త దొంగల బారిన పడకుండా కూడా కాపాడుతుంది. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడిన దుండగులు దొడ్డిదారి పెట్టిన నకిలీ ఐఎస్‌ఓకు లింకు మార్చేశారు. ఆ రోజు అసలు గుర్తుతో సరిచూసుకున్నవారికి తేడా తెలిసిపోయేది.

★ రెస్టారెంట్ పేరున్న ప్రమాణం

సీడీ నుంచి కంప్యూటర్ ఎలా మేలుకోవాలో చెప్పే ప్రమాణం పేరు ‘ఎల్ టొరిటో’. ఫీనిక్స్, ఐబీఎం సంస్థలు దీన్ని 1995లో వెలువరించాయి. కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో అదే పేరున్న మెక్సికన్ రెస్టారెంట్‌లో కూర్చుని దీనికి రూపం ఇచ్చారని చెప్పుకుంటారు. ఐఎస్‌ఓ ఫైళ్లు ఆ సీడీల కాలం వారసత్వమే. అందుకే ఐఎస్‌ఓను మామూలు ఫైల్‌లా పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి పెడితే సిస్టమ్ బూట్ కాదు. రూఫస్, బలీనా ఎచర్ లాంటి పనిముట్లతో దాన్ని పెన్‌డ్రైవ్ మీద రాయించాలి. ఐఎస్‌ఓను నేరుగా కాపీ చేసుకునే వీలు వెంటాయ్ అనే మరో పనిముట్టుతో ఉంది. అయితే ముందుగా వెంటాయ్‌ని ఆ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఉండాలి. అప్పుడు ఒకే పెన్‌డ్రైవ్‌లో ఎన్నో ఓఎస్‌లు పెట్టుకోవచ్చు.

★ 4,29,49,67,295 బైట్ల గోడ

ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక్కో ఫైల్ ఇంతకంటే ఒక్క బైటు కూడా పెరగకూడదు. ఫైల్ పరిమాణాన్ని రాసుకోవడానికి ఆ పద్ధతిలో 32 బిట్‌ల చోటు మాత్రమే ఉండటం దీనికి కారణం. చిక్కేమిటంటే, కొత్త కంప్యూటర్లన్నీ ఖాయంగా చదవగలిగేది ఫ్యాట్ పద్ధతినే. విండోస్‌లో అసలు సరుకంతా ఉండే ‘ఇన్‌స్టాల్.విమ్’ ఫైలేమో తరచూ 4 జీబీ దాటిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా ‘ఫైల్ మరీ పెద్దది’ అని వచ్చేది అందుకే. దీనికి మూడు దారులున్నాయి. మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్ వాడితే ఫైల్ బాగా కుదించి వస్తుంది. డిస్మ్ ఆదేశంతో ఫైల్‌ను ముక్కలు చేస్తే సెటప్ వాటిని తనే కలుపుకుంటుంది. రూఫస్ అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిని చదివించే చిన్న తోడు ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లోనే చేర్చి పెడుతుంది.

★ అబద్ధం చెప్పే పెన్‌డ్రైవ్

మీద 128 జీబీ అని ఉంటుంది, కంప్యూటర్ కూడా అంతే చూపిస్తుంది, లోపల చిప్‌లో పట్టేది మాత్రం అందులో కొంతే. నకిలీ పెన్‌డ్రైవ్‌లలో కంట్రోలర్ చేతే తప్పు లెక్క చెప్పిస్తారు. ముందు రాసిన ఫైళ్లు బాగానే ఉంటాయి, హద్దు దాటాక రాసినవి గల్లంతవుతాయి. ఇన్‌స్టాలేషన్ మొదలై సగంలో ‘ఫైల్ దొరకలేదు’ అంటే ఈ అనుమానం కూడా పెట్టుకోండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3 ప్రోగ్రామ్‌లు పెన్‌డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి నిజం తేల్చేస్తాయి.

★ షట్‌డౌన్ కన్నా రీస్టార్టే నయం

విండోస్ 8 నుంచి వచ్చిన ‘ఫాస్ట్ స్టార్టప్’ వల్ల షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా ఆగదు. కొంత స్థితిని డిస్కులో దాచుకుని మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. అలా మొదలవుతుండగా, దేని నుంచి లేవాలో ఎంచుకునే బూట్ మెనూ కోసం డెల్, లెనోవో కంప్యూటర్లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ లేదా ఎఫ్9, అసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్ నొక్కాలి. మీట నొక్కే వ్యవధి దొరకకపోతే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ మీద నొక్కండి. విండోసే ఒక మెనూ చూపించి, పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోనిస్తుంది.

★ రెండు తరాలు, రెండు చూపులు

ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్ పాత కంప్యూటర్లలో బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్‌ఐ. పాత బయోస్ కంప్యూటర్ డిస్కులోని మొదటి 512 బైట్లను చదువుతుంది. అక్కడ చివరి రెండు బైట్లలో 55, ఏఏ అనే గుర్తు ఉంటేనే నమ్ముతుంది. కొత్త యూఈఎఫ్‌ఐ కంప్యూటర్ ఆ మొదటి బైట్లలోని ప్రోగ్రామ్‌ను నడపదు. ‘ఈఎఫ్‌ఐ’ ఫోల్డర్‌లోని ‘బూట్’ ఫోల్డర్‌లో ‘బూట్ఎక్స్64’ అనే ఫైల్ కోసం వెతుకుతుంది. ఒక తరానికి తయారు చేసిన పెన్‌డ్రైవ్ మరో తరానికి కనిపించకపోవడం ఇందువల్లే. పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి ఆ ఫైల్ ఉందో లేదో చూస్తే సగం సంగతి తేలిపోతుంది.

★ ‘జీపీటీ పద్ధతిలో ఉంది’ అంటే డిస్కు చెరపక్కర్లేదు

డిస్కును భాగాలు చేసే ఎంబీఆర్ పద్ధతి 1983 నాటిది. మామూలు డిస్కుల్లో 2 టెరాబైట్లకు మించి లెక్కించలేదు. ఆ లోటు తీర్చడానికి జీపీటీ వచ్చింది. విండోస్ సెటప్ ‘ఎంచుకున్న డిస్కు జీపీటీ పద్ధతిలో ఉంది, ఇన్‌స్టాల్ చేయలేను’ అంటే చాలామంది కంగారులో డిస్కు మొత్తం చెరిపేస్తారు. దాని అసలు అర్థం, పెన్‌డ్రైవ్ పాత బయోస్ పద్ధతిలో బూట్ అయిందని మాత్రమే. రీస్టార్ట్ చేసి, బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ పేరు ముందు ‘యూఈఎఫ్‌ఐ’ అని ఉన్న వరుసను ఎంచుకుంటే చాలు.

★ లేని సీడీకి డ్రైవర్ అడిగిన విండోస్ 7

విండోస్ 7 వచ్చింది 2009లో. దాని ఇన్‌స్టాలేషన్ ఫైళ్లలో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు. 2015లో ఇంటెల్ స్కైలేక్ కంప్యూటర్లు వచ్చేసరికి పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌ను తీసేశారు. దాంతో సెటప్ తెర మీదికి వచ్చాక కీబోర్డు, మౌస్ కదలవు. పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అయినా ‘సీడీ, డీవీడీ డ్రైవర్ లేదు’ అంటుంది. అంతకు ముందు తరం కంప్యూటర్లలో అయితే పెన్‌డ్రైవ్‌ను నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టు నుంచి తీసి నల్లటి 2.0 పోర్టులో పెడితే తరచూ పని జరిగిపోతుంది.

★ డిస్కు ఉంటుంది, కనిపించదు

ఇంటెల్ 11వ తరం ల్యాప్‌టాప్‌ల నుంచి ఈ ఫిర్యాదు ఎక్కువైంది. విండోస్ సెటప్‌లో డిస్కుల జాబితా ఖాళీగా వస్తుంది. ఎస్‌ఎస్‌డీ పోయిందని భయపడక్కర్లేదు. దాన్ని ‘వీఎండీ’ అనే ఏర్పాటు వెనక ఉంచడం వల్ల సెటప్‌కు దారి తెలియదు. ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లో ‘ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్’ డ్రైవర్ దించుకుని, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌గా పెట్టి ‘లోడ్ డ్రైవర్’ నొక్కితే డిస్కు ప్రత్యక్షమవుతుంది. బయోస్‌లో వీఎండీని ఆపేయడం మరో దారి. అయితే పాత విండోస్‌ను కూడా ఉంచుకోవాలనుకునేవారు తొందరపడి అలా చేస్తే అది లేవకుండా పోవచ్చు.

★ సంతకం చూసి లోపలికి

విండోస్ 8తో 2012లో జనంలోకి వచ్చిన సెక్యూర్ బూట్, నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌నే నడవనిస్తుంది. లైనక్స్‌లు ‘షిమ్’ అనే చిన్న ప్రోగ్రామ్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం తీసుకుని లోపలికి వస్తాయి. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ పాత షిమ్‌లను నిరాకరించడంతో, రెండు ఓఎస్‌లు ఉన్న చాలా సిస్టమ్‌లలో లైనక్స్ లేవలేదు. పాత లైనక్స్ పెన్‌డ్రైవ్‌లు కూడా ఆగిపోయాయి. ‘సెక్యూరిటీ పాలసీ’ అన్న మాటతో ఆగితే ముందుగా కొత్త ఐఎస్‌ఓ దించుకుని చూడండి.

★ 48 అంకెల తాళం

సెక్యూర్ బూట్ లాంటి బయోస్ సెట్టింగ్ మార్చగానే కొన్ని ల్యాప్‌టాప్‌లు, విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతాయి. అది 48 అంకెల సంఖ్య. అది లేకపోతే డిస్కులోని ఫైళ్లను మళ్లీ తెరవలేకపోవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో యజమాని ఎన్‌క్రిప్షన్ పెట్టకపోయినా అది దానంతటదే అమలై ఉంటుంది. బయోస్ తెరవక ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

★ తప్పు ర్యామ్‌ది, నింద పెన్‌డ్రైవ్‌ది

పెన్‌డ్రైవ్ మార్చినా, ఐఎస్‌ఓ మార్చినా ఒక్కోసారి ఒక్కో శాతం దగ్గర ఆగిపోతుంటే ర్యామ్‌ను అనుమానించాలి. ఇన్‌స్టాలేషన్‌లో ఫైళ్లన్నీ ర్యామ్‌లోనే విచ్చుకుంటాయి. అక్కడ ఒక్క గడి చెడినా ‘ఫైల్ పాడైంది’ అనే వస్తుంది. 1994లో మొదలైన మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి ఒక రాత్రంతా వదిలేస్తే గుట్టు బయటపడుతుంది.

★ నాణెమంత బ్యాటరీ చేసే పని

మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బ్యాటరీ వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. అది అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. పాత బోర్డుల్లో మనం పెట్టిన బూట్ వరస కూడా చెరిగిపోతుంది. తేదీ తప్పితే నెట్ నుంచి ఫైళ్లు తెచ్చుకునే లైనక్స్ ఇన్‌స్టాలేషన్‌లు సర్టిఫికెట్లను నమ్మక ఆగిపోతాయి. బ్యాటరీ మార్చడానికి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

★ షిఫ్ట్ ఎఫ్10 తెరిచే కిటికీ

విండోస్ సెటప్ నడుస్తుండగా షిఫ్ట్ పట్టుకుని ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. ‘పాంథర్’ ఫోల్డర్‌లోని లాగ్ ఫైళ్లలో సెటప్ ఎక్కడ ఆగిందో వివరంగా రాసి ఉంటుంది. అక్కడి ‘డిస్క్‌పార్ట్’తో మాత్రం జాగ్రత్త. అందులో ‘క్లీన్’ అన్న ఒక్క మాట కొడితే మరో ప్రశ్న అడగకుండా డిస్కు భాగాలన్నీ తుడిచేస్తుంది. ముందు ‘లిస్ట్ డిస్క్’ కొట్టి, పరిమాణం చూసి ఏది పెన్‌డ్రైవో, ఏది హార్డ్‌డిస్కో తేల్చుకోవాలి.

★ తెలుగులో పలకరించే ఇన్‌స్టాలర్

డెబియన్ లైనక్స్ గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో భాషల జాబితాలో తెలుగు ఉంది. ఎంచుకుంటే ప్రశ్నలు తెలుగు లిపిలో వస్తాయి. అక్షరాల తెరతో నడిచే మామూలు ఇన్‌స్టాలర్‌లో తెలుగు కనిపించదు కాబట్టి మొదటి మెనూలో గ్రాఫికల్ వరుసనే ఎంచుకోవాలి.

★ ఎక్కించకుండానే నడిపి చూడొచ్చు

ఉబుంటు, మింట్ లాంటివి పెన్‌డ్రైవ్ నుంచే పూర్తిగా నడుస్తాయి. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పని చేస్తున్నాయో లేదో డిస్కును ముట్టుకోకుండానే తేల్చుకోవచ్చు. విండోస్ లేవని కంప్యూటర్‌లో ఇలా నడిపి, డిస్కుకు తాళం పడి లేకపోతే, మీ ఫొటోలు, పత్రాలు వేరే డ్రైవ్‌లోకి తెచ్చుకోవచ్చు కూడా.

చివరిగా ఒక విన్నపం. తెర మీద వచ్చిన వాక్యాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. ఒకసారికి ఒకటే మార్చి చూడండి: ముందు పోర్టు, తర్వాత పెన్‌డ్రైవ్, ఆ తర్వాత ఐఎస్‌ఓ, ఆఖరున బయోస్. అన్నిటికంటే ముందు ఫైళ్ల కాపీ ఒకటి బయట ఉంచుకోండి. ఓఎస్‌ను ఎన్నిసార్లయినా మళ్లీ ఎక్కించుకోవచ్చు, చెరిగిపోయిన పిల్లల ఫొటోలు మళ్లీ రావు.