పాయసానికి సరే, పాకానికి కాదు
పంచదార బదులు తేనె వాడే ఇళ్లలో తెలిసి ఉండవలసిన సంగతులు

పాడేరు: మన్యంలో తేనె కొత్త వస్తువు కాదు. అడవిలో తుట్టెల నుంచి గిరిజనులు తీసిన తేనెను గిరిజన సహకార సంస్థ కొని, శుద్ధి చేసి, సీసాల్లో నింపి అమ్ముతుంది. 1956లో ఏర్పడిన సంస్థ అది. సంతల్లో విడిగానూ దొరుకుతుంది. అయినా చాలా ఇళ్లలో తేనె సీసా మందులో అనుపానానికి, అభిషేకం నాటి పంచామృతానికి, దగ్గు వస్తే అల్లంరసంలో కలిపి నాకడానికి మాత్రమే బయటికి వచ్చేది. ఇప్పుడు అది పంచదార డబ్బా పక్కన చేరుతోంది. పంచదార మానేసి తేనెతో వండుకుంటే ఒంటికి మంచిదన్న మాట పల్లెల్లోనూ వినిపిస్తోంది. మాట సగం నిజం. మిగతా సగం తెలియకపోతే డబ్బు దండగ, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు.

మొదటి చిక్కు కొలత దగ్గర వస్తుంది. గ్లాసు పంచదార పట్టే వంటకు ముప్పావు గ్లాసు తేనె చాలు. తేనెలో ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర పంచదార కన్నా తియ్యన. పైగా తేనెలో సుమారు ఆరో వంతు నీరే. అందుచేత వంటలో పోసే పాలో, నీళ్లో మూడు పెద్ద చెంచాలు తగ్గించుకోవాలి. లేకపోతే పాయసం జారైపోతుంది.

ఇక బలం లెక్క. 200 మిల్లీలీటర్ల గ్లాసులో పంచదార సుమారు 170 గ్రాములు పడుతుంది. దానిలో 660 కెలోరీల దాకా ఉంటాయి. దానికి బదులు పోసే ముప్పావు గ్లాసు తేనె బరువైనది కాబట్టి 210 గ్రాములు తూగుతుంది. దానిలోనూ 640 కెలోరీల దాకా ఉన్నాయి. ఒళ్లు తగ్గుతుందని తేనెకు మారినవారు గమనించవలసిన లెక్క ఇది. ధర చూస్తే తేనె పంచదారకు ఎన్నో రెట్లు. చక్కెర జబ్బు ఉన్న పెద్దవాళ్లకు 'తేనే కదా, ఏమీ కాదు' అంటూ పాయసం గిన్నె నింపి ఇవ్వడం కూడా పొరపాటే. తేనె సైతం రక్తంలో చక్కెరను పెంచుతుంది.

మరి తేనెతో లాభమేమిటంటే రుచి, సువాసన. వాటిని నిలుపుకోవాలంటే పొయ్యి మీద ఉడికించకూడదు. వేడిచేసిన తేనె వద్దని చరక సంహిత ఏనాడో చెప్పింది. కాచిన తేనె విషమని నేటి శాస్త్రం అనదు గానీ, కాచితే సువాసన, అందులోని ఎంజైములు పోతాయని ఒప్పుకుంటుంది. బెల్లం పరమాన్నం వండే ఇల్లాలికి ఈ కిటుకు వేరే చెప్పనక్కరలేదు. పాలు విరగకుండా గిన్నె దించి, వేడి తగ్గాక బెల్లం పాకం కలిపినట్టే, పాయసం గోరువెచ్చగా అయ్యాక తేనె కలపాలి. తేనెకు పులుపు గుణం ఉంది. మరుగుతున్న పాలలో పోస్తే విరిగే ప్రమాదం ఉంది.

రాగి జావ, నిమ్మరసం, పెరుగు, అరటిపండు ముక్కలు - వీటిలో తేనె ఇట్టే కలిసిపోతుంది. వేయించి దంచిన నువ్వుల పొడిలోనూ, మినప సున్నిలోనూ కలిపి ఉండలు కట్టుకోవచ్చు. ఆ ఉండలు పొడిపొడిగా ఉండవు, కాస్త సాగుతాయి. తేనె గాలిలోని తేమను లాగేసుకుంటుంది కాబట్టి వానాకాలంలో మూత బిగువైన డబ్బాలో పెట్టాలి. అరిసెల జోలికి మాత్రం పోవద్దు. తేనె పంచదారలా, బెల్లంలా పాకం పట్టదు. నూనెలో త్వరగా మాడుతుంది. పైన నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. సంక్రాంతి అరిసె బెల్లానిదే.

అన్నిటికన్నా ముఖ్యమైనది పసిబిడ్డల సంగతి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్లలో తరాలుగా ఉన్న ఆచారం. ఏడాది నిండని బిడ్డకు ఒక్క చుక్క తేనె కూడా వద్దని వైద్యులు గట్టిగా చెబుతున్నారు. తేనెలో ఒక్కోసారి బొట్యులిజం అనే జబ్బును కలిగించే సూక్ష్మజీవి బీజాలుంటాయి. పెద్దల పేగుల్లో అవి ఎదగలేవు. పసివాళ్ల పేగుల్లో మొలిచి విషం పుట్టిస్తాయి. బిడ్డకు విరేచనం బిగుస్తుంది, ఏడుపు నీరసిస్తుంది, పాలు చప్పరించలేదు, మెడ వాలిపోతుంది, చివరకు ఊపిరి అందదు. ఇంట్లో మామూలుగా కాచినంత మాత్రాన ఆ బీజాలు చావవు. అడవి నుంచి స్వయంగా తెచ్చిన స్వచ్ఛమైన తేనె అయినా ఇదే మాట. నాయనమ్మలు, అమ్మమ్మలు ఆచారం మానలేమంటే, తేనె తాకించిన వేలును బిడ్డ పాదానికి రాసి సరిపెట్టుకోవచ్చు. నోటికి మాత్రం వద్దు.

కల్తీ గురించి కూడా ఒక మాట. నీళ్లలో వేస్తే అడుక్కు దిగాలి, అగ్గిపుల్ల ముంచి గీస్తే వెలగాలి, కుక్క ముట్టకూడదు అంటూ సంతల్లో చేసే పరీక్షలు నమ్మదగ్గవి కావు. చిక్కటి పంచదార పాకం కూడా అడుక్కే దిగుతుంది. బియ్యం నుంచి తీసిన పాకాలతో జరిగే కల్తీని ప్రయోగశాలలే పట్టుకోవాలి. పెద్ద పేరున్న సీసాల్లోనూ అలాంటి కల్తీ కనిపించిందని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020 డిసెంబరులో ప్రకటించింది. కంపెనీలు కాదన్నాయి. ఎవరు తీశారో, ఎవరు అమ్ముతున్నారో తెలిసిన తేనె కొనుక్కోవడమే ఉన్నంతలో మేలు.

సీసాలో తడి చెంచా పెట్టకూడదు. నీటిపాలు 20 శాతం మించితే తేనె పులిసి నురగ కడుతుంది. చలికాలంలో అడుగున తెల్లగా పలుకులు కడితే అది పంచదార కలిపినందుకేనని పారబోసేవారున్నారు. స్వచ్ఛమైన తేనె కూడా చలికి పేరుకుంటుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెడితే మళ్లీ కరుగుతుంది.