సీమంతమునకు ముందే

అభిమన్యుడు తల్లి గర్భమున నుండగనే పద్మవ్యూహమును గూర్చి వినెనని మనము చెప్పుకొందుము. వినుటకు మెదడు కావలయును గదా! అది యెప్పు డారంభమగును?

గర్భము నిలిచిన మూడవ వారమున పిండముపై కణములు పలుచని పలకవలె నేర్పడి, అంచులు పైకి ముడుచుకొని, 28వ దినమునకు గొట్టమై మూసికొనును. దాని పైభాగము మెదడు, క్రిందిభాగము వెన్నుపాము అగును. ఏ కణ మెప్పుడు విభజింపబడవలెనో, ఎచటికి పోవలెనో జన్యువులు నడపించును. మా నిజాంసాగర జలాశయమందలి చేపకును, గట్టుమీది కొంగకును ఆరంభ మీ గొట్టమే. మనుష్యునియందు మూలకణము లెక్కువ మారులు విభజింపబడుటచే మెదడు పెద్దదైనది.

ఆ గొట్టము మూసికొననిచో శిశువు వెన్ను చీలియుండును. లేదా మెదడు పూర్తిగ నేర్పడదు. ఫోలిక్ ఆమ్లమను విటమిను చాలకుండుట యిందుకొక కారణము. దీనిని 1945వ సంవత్సరమున అమెరికాయందు కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1991లో వెలువడిన బ్రిటిషు పరిశోధనయందు, పూర్వ మట్టి బిడ్డను గన్న తల్లులు గర్భమునకు ముందునుండియే దీనిని సేవింపగా, ఆపద నూటికి 72 వంతులు తగ్గెను.

నెల తప్పినదని మనము నిశ్చయించుకొనునప్పటికే ఆ పని చాలవరకు ముగియును. కావున మా యింటికి వచ్చు నవవధువులకు మేము చెప్పున దొక్కటే: ఆకుకూరలు, పప్పుధాన్యములు భుజింపుడు, బిడ్డను గోరిననాడే వైద్యురాలి నడిగి దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లపు మాత్రను సేవింప నారంభింపుడు. సీమంతమువరకు వేచియుండిన శ్రద్ధ ఆలస్యమైన శ్రద్ధయే.