షరతుగల స్వేచ్ఛ, షరతులేని స్వేచ్ఛ: ఫ్రీబీఎస్‌డీలో కంపైలరు మార్పు

దానము రెండు విధములు. ఒకడు గ్రంథమునొసగి, "నా పేరు చెరపక దీనిని యథేచ్ఛముగా వాడుకొనుము" అనును. మఱియొకడు, "దీనిని మార్చి యితరుల కిచ్చునపుడు, ఆ మార్పులతోగూడ ఇదే స్వేచ్ఛను వారికిని ఈయవలెను" అని షరతు విధించును. కంప్యూటరు ప్రోగ్రాములలో మొదటిదానికి బీఎస్‌డీ లైసెన్సు, రెండవదానికి జీపీఎల్ లైసెన్సు ప్రసిద్ధోదాహరణములు. రెండవ పద్ధతికే కాపీలెఫ్ట్ అని పేరు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రణాళిక దీనికి ఆధారము.

ఫ్రీబీఎస్‌డీ అనునది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో పెరిగిన యూనిక్సు సంప్రదాయమునకు చెందిన ఆపరేటింగ్ సిస్టమ్. దాని తొలి విడుదల 1993లో జరిగెను. షరతులేని ఈ యింటిలో చిరకాలము ముఖ్యమైన పనిముట్టు షరతుగలదియే. అది జీసీసీ అను కంపైలరు. మనుష్యులు వ్రాసిన మూలరచనను యంత్రమునకు బోధపడు ఆదేశములుగా మార్చునది కంపైలరు. అది లేనిదే సిస్టమును నిర్మింప వీలులేదు.

ఇచట ఒక అపోహను తొలగించుట అవసరము. జీసీసీతో సిద్ధపరచినంత మాత్రమున ఏ ప్రోగ్రామునకును జీపీఎల్ షరతు అంటదు. షరతు కంపైలరుకు సంబంధించినదే. కాని సిస్టముతోపాటు కంపైలరును కూడ పంచిపెట్టువారికి ఆ షరతు వర్తించును. జూనిపర్ సంస్థ నెట్‌వర్క్ పరికరముల సిస్టము, సోనీ సంస్థ ప్లేస్టేషన్ 4 సిస్టము ఫ్రీబీఎస్‌డీనుండి పుట్టినవే. ఇట్టి సంస్థలకు లైసెన్సు సులభముగా నుండుట ముఖ్యము.

2007 జూన్ 29న జీపీఎల్ మూడవ పాఠము వెలువడెను. అందు పేటెంట్లను గూర్చిన నియమములు చేరెను. గృహోపయోగ పరికరములలో, మార్చిన ప్రోగ్రామును వినియోగదారు తిరిగి ఎక్కించుకొనుటకు వలయు వివరములను కూడ ఈయవలెనను నియమము చేరెను. ఫ్రీబీఎస్‌డీవారు ఈ పాఠము క్రింది భాగములను మూలవ్యవస్థలో చేర్చుకొనక, రెండవ పాఠము క్రింద వెలువడిన జీసీసీ 4.2.1 వద్దనే నిలిచిరి. పాతదానిని ఎవ్వరును వెనుకకు తీసికొనలేదు. ఐనను క్రొత్త ప్రాసెసర్లు, సి ప్లస్ ప్లస్ భాషయొక్క క్రొత్త ప్రమాణములు వచ్చుచుండగా, కదలని కంపైలరు నానాటికి వెనుకబడెను.

మార్గము వేఱొక దిక్కునుండి తెఱచుకొనెను. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో 2000లో క్రిస్ లాట్నర్ ప్రభృతులు ప్రారంభించిన ఎల్ఎల్‌వీఎమ్‌కు తోడుగా క్లాంగ్ అను కంపైలరు 2007లో బహిరంగమయ్యెను. దాని లైసెన్సు షరతులు స్వల్పములు. 2012 జనవరిలో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ 9.0లో అది చోటుచేసికొనెను. 2014 జనవరిలో 10.0తో ముఖ్య ప్రాసెసర్లకు అదియే సహజ కంపైలరాయెను. 2021 ఏప్రిల్‌లో 13.0 వెలువడునాటికి జీసీసీ మూలవ్యవస్థనుండి పూర్తిగా తొలగెను. ఇట్లు పదునాలుగేండ్లు గడచెను.

ఇంత జాప్యమునకు కారణమేమి? జీసీసీ విశేషలక్షణములను నమ్మి వ్రాయబడిన ప్రోగ్రాములు అనేకములు, వానిని సరిదిద్దవలసివచ్చెను. నష్టమును కలిగెను. పాత కంపైలరునే ఆశ్రయించియుండిన స్పార్క్64 ప్రాసెసరు శాఖ 2020లో తొలగింపబడెను.

ఐనను ఇది కాపీలెఫ్ట్‌ను సమూలముగా వెడలగొట్టుట కాదు. ఫైలువఱకే పరిమితమైన కాపీలెఫ్ట్‌గల సీడీడీఎల్ క్రింద నున్న జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైలు వ్యవస్థ నేటికిని అందు కలదు. జీసీసీ కావలసినవారు దానిని విడిగా స్థాపించుకొనవచ్చును. క్లాంగ్ దోషసూచనల స్పష్టత పేరొందగా, జీసీసీ సూచనలును తరువాత మెఱుగుపడెను.

షరతుగల దానము రాబోవు గ్రహీతను కాపాడును. షరతులేనిది ఎదుటనున్న గ్రహీతకు వీలు కల్పించును. ఒక షరతు ఇష్టములేనివారు దాత హృదయమును దూషింపక, తమ పనిముట్టును తామే సమకూర్చుకొనవలెను. ఫ్రీబీఎస్‌డీవారు అట్లే చేసిరి. దానికి పదునాలుగేండ్ల శ్రమను మూల్యముగా చెల్లించిరి.