అసలు రంగు ఏది?

పిల్లలూ! కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి పేరు వినని వారు మీలో ఉండరు. అక్కడ ఇత్తడి పళ్ళెం అంచుమీద నిలిచి తరంగం ఆడుతున్న ఒక బాలికను ఇద్దరు రెండు కంపెనీల కెమెరాలతో ఫోటో తీశారనుకోండి. దీపాలు అవే, ఎర్రపట్టు ఆహార్యమూ అదే. తీరా కంప్యూటరులో తెరిస్తే, ఒక ఫోటోలో పట్టు కుంకుమరంగు, రెండోదానిలో ఇటుకరంగు! చామనఛాయ ముఖం కూడా ఒకదానిలో పాలిపోయింది. ఏ కెమెరా అబద్ధమాడింది? ఏదీ కాదు. అదెలాగో చూద్దాం.

కెమెరాలోని సెన్సరు మీద లక్షల గళ్ళుంటాయి. వెలుతురు ఎంత పడిందో గడికి తెలుసు గాని, దాని రంగు తెలియదు. అందుకని ప్రతి గడిమీదా ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక వడపోత ఉంచుతారు. సగం గళ్ళు ఆకుపచ్చవి, పావువంతు ఎరుపు, పావువంతు నీలం. ఈ అమరికకు కొడాక్ కంపెనీలోని బ్రైస్ బేయర్ పేరున 1976లో పేటెంటు వచ్చింది.

గళ్ళు చెప్పిన అంకెలను వండకుండా దాచినదే 'రా' ఫైలు. అది బియ్యమైతే, జేపెగ్ ఫోటో వండిన అన్నం! 14 బిట్ల రా ఫైలులో వెలుతురుకు 16,384 మెట్లు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే.

వడపోతలు అన్ని కెమెరాలలో ఒక్కలా ఉండవు. కనుక ఒకే ఎరుపుకు రెండు కెమెరాలు వేర్వేరు అంకెలు చెబుతాయి. ఆ అంకెలకు రంగుల అర్థం చెప్పే నిఘంటువే 'కెమెరా ప్రొఫైలు'. నిఘంటువు మారితే అర్థం మారదూ?

మీరు ఏదీ ఎంచకపోతే సాఫ్ట్‌వేరే ఒకటి తగిలిస్తుంది. లైట్‌రూమ్‌లో 2018 నుంచి అది 'అడోబ్ కలర్'. కెమెరా తెరమీద చూసినది మాత్రం కంపెనీవారి వంట. కంప్యూటరులో రంగు మారినట్లు తోచేది అందుకే. ఫోటో చెడిపోయి కాదు.

మరి ఉపాయం? 24 రంగుల గళ్ళున్న అట్టను ఆ వేదిక దీపాల కిందనే రెండు కెమెరాలతోనూ తీయాలి. అట్టమీది రంగులు ముందే కొలిచినవి. వాటితో అంకెలను పోల్చి, ప్రత్యేక సాఫ్ట్‌వేరు ఒక్కో కెమెరాకు ఒక్కో ప్రొఫైలు తయారుచేస్తుంది. దానినే ఆ కెమెరాకు డిఫాల్టుగా నిర్ణయిస్తే, ఆపై చేర్చే ప్రతి రా ఫోటోకూ అదే వర్తిస్తుంది. పాత ఫోటోలు వాటంతట అవి మారవు. రెండు కెమెరాల రంగులూ దగ్గరవుతాయి. అచ్చంగా ఒకటి కావు, ఎందుకంటే వడపోతలు వేరు గదా!

ఇదంతా ఎందుకంటారా? రేపు ఆ ఫోటో చూసే వారికి నేతగాడు అద్దిన ఎరుపు, ఆ బాలిక మేనిఛాయ ఉన్నవి ఉన్నట్లు తెలియాలి. ముఖాన్ని తెల్లబరచడం అందం కాదు, తప్పుడు లెక్క!

మీరూ చేసి చూడండి. తెల్ల కాగితంమీద పసుపు, కుంకుమ, పచ్చని ఆకు ఉంచి, ఒకే నీడపట్టున రెండు ఫోన్లతో ఫోటో తీయండి. అసలు వస్తువుల పక్కన పెట్టి పోల్చండి. ఏ ఫోను ఏ రంగును మార్చిందో పట్టిక రాయండి. మీ కళ్ళే మీకు మొదటి కొలబద్ద!