పరిచారకుల మనోధైర్యం

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి – చికిత్సకు ఈ నాలుగూ నాలుగు పాదాలని చరకసంహిత చెబుతున్నది. పరిచారకునికి ఉపచారజ్ఞానం, దక్షత, శుచిత్వంతోపాటు రోగిపట్ల అనురాగం కూడా ఉండాలని నిర్దేశించింది. అయితే అనురాగం ఉన్నచోట దుఃఖం తప్పదు. దినదినమూ మరణాన్ని సమీపం నుంచి చూసేవారు ఆ అనురాగాన్ని ఎట్లా నిలుపుకోగలరు?

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. శ్వాసకండరాలు చచ్చుబడిన రోగులకు సరిపడా యంత్రాలు లేవు. బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు, గొంతులో అమర్చిన గొట్టం ద్వారా రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఊపిరి అందించే విధానాన్ని ప్రవేశపెట్టాడు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు ఆ సంచులను నొక్కారు. అంతకుముందు అట్టి రోగులలో పదింట ఎనిమిదిమందికి పైగా మరణించేవారు. ఆ తరువాత మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. నేటి ఇంటెన్సివ్ కేర్ విభాగాలకు ఇదే నాంది. అయినా, ఊపిరి పోసిన చేతులలోనే కొందరు కన్నుమూశారు. ఎంత దయామయుడైనా ఆ భారాన్ని ఒక్కడే మోయలేడు. ఒకరి చేయి అలసినపుడు మరొకరి చేయి అందుకొన్నందువల్లనే ఆ సేవ నెలల తరబడి సాగింది.

మనోధైర్యమంటే గుండె బండబారడం కాదు. దుఃఖానికి వంగినా మరల నిలదొక్కుకోవడం. ఆ శక్తి క్షీణించిన స్థితినే ‘బర్నవుట్’ అంటారు. శక్తి ఉడిగిపోవడం, పనిపట్ల విముఖత, సామర్థ్యం తగ్గడం దాని లక్షణాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. అది వ్యాధి కాదని, పనిచేసేచోట ఎడతెగని ఒత్తిడిని సరిగా అదుపు చేయకపోవడంవల్ల కలిగే స్థితి అని వివరించింది. కనుక అలసిన నర్సును పిరికిదని నిందించడం అన్యాయం.

2020లో కోవిడ్ ప్రబలినప్పుడు బంధువులకు ప్రవేశం లేని వార్డులలో నర్సులే ఆప్తులయ్యారు. కడసారి మాటలు వినిపించడానికి రోగి చెవి దగ్గర ఫోను పట్టుకొని నిలిచారు. ఆ వెంటనే మరో మంచం వద్దకు నడవవలసి వచ్చింది. అటువంటివారికి పొగడ్తలకన్న ఏర్పాట్లు అవసరం. చాలినంతమంది సిబ్బంది, వేళకు విశ్రాంతి, మరణించిన రోగికోసం క్షణకాలం మౌనం పాటించే వ్యవధి, తోటివారితో మనసు విప్పి మాట్లాడే అవకాశం ఉండాలి. కన్నీరు దౌర్బల్యం కాదని పై అధికారులు గుర్తించాలి.

రోగిని కాపాడే చేతులను కాపాడుకోవడం కూడ చికిత్సలో భాగమే.