ఊరు తాండూరు, కొలువు సేడం – పన్ను ఎవరికి?



పొద్దున్నే టిఫిను డబ్బా కట్టి ఇంటాయన్ని స్టేషనుకు పంపడం తాండూరు ఇళ్లలో మామూలే. కొందరు వికారాబాదు వైపు రైలెక్కుతారు. కొందరు వాడి వైపు వెళ్లి సేడంలో దిగుతారు. సేడం కర్ణాటకలోది. ఎక్కడ రాష్ట్రం మారిందో రైల్లో ఉన్నవారికి తెలియనే తెలియదు. ఆమాటకొస్తే 1956 దాకా తాండూరు తాలూకా కూడా గుల్బర్గా జిల్లాలోదే!

రాష్ట్రం మారినట్టు తెలిసేది జీతం చీటీ మీద. మొన్న మా పక్కింటావిడ ఆ చీటీ పట్టుకొచ్చి, "వదినా, ఉండేది తెలంగాణలో, 200 పట్టుకున్నది కర్ణాటక. రేపు ఇక్కడా కట్టమంటారేమో?" అని బెంగపడింది.

కట్టమనరు. ఆదాయపు పన్ను కేంద్రానిది గనుక ఏ రాష్ట్రంలో పనిచేసినా ఒకటే లెక్క. ఆమె చూసింది వృత్తి పన్ను. అది రాష్ట్రానిది. ఎక్కడ కాపురముంటున్నారని కాదు, ఎక్కడ పనిచేస్తున్నారని చూసి యజమానే జీతంలోంచి పట్టుకుంటాడు. అందుకే రెండుచోట్ల కట్టే తంటా లేదు.

అమెరికాలో అలా కాదు. అక్కడ చాలా రాష్ట్రాలు తమ ఆదాయపు పన్ను తామే వేస్తాయి. మనవాళ్లు ఎందరో ఉంటున్న న్యూజెర్సీకి, పక్కనున్న పెన్సిల్వేనియాకు ఒక ఒప్పందముంది. ఇటువారు అటు వెళ్లి పనిచేసినా ఆఫీసులో ఒక ఫారం ఇస్తే, జీతం మీద పన్ను సొంత రాష్ట్రానికే. 2016లో న్యూజెర్సీ గవర్నరు దీన్ని రద్దు చేస్తామని ప్రకటించి, ఆ ఏడే వెనక్కి తగ్గారు. న్యూయార్కుతో అటువంటి ఒప్పందం లేదు. అక్కడ కట్టి, ఇంటి దగ్గర లెక్కలో తగ్గించుకోవాలి.

మన సంగతికి వద్దాం. తెలంగాణలో నెల జీతం 15 వేలు దాటితే 150, 20 వేలు దాటితే 200 రూపాయలు. కర్ణాటకలో 2023 ఏప్రిల్ నుంచి 25 వేల లోపు జీతానికి అసలు పన్నే లేదు. ఆపైన 200. 2025 నుంచి ఫిబ్రవరిలో మాత్రం 300, ఏడాదికి 2,500. రాజ్యాంగం పెట్టిన హద్దు అదే. 1988కి ముందు ఆ హద్దు 250 రూపాయలే సుమండీ! పాత పద్ధతిలో ఆదాయపు పన్ను లెక్క వేసుకునేవారికి ఈ మొత్తం తగ్గుతుంది, కొత్త పద్ధతిలో తగ్గదు.

అంటే 22 వేల జీతగాడు తాండూరులో పనిచేస్తే ఏడాదికి 2,400 కడతాడు, సేడంలో అయితే ఏమీ కట్టడు. ఇల్లు నడిపేవాళ్లకు అది చిన్న మొత్తమా?

పక్కింటావిడ చీటీ సరిగ్గానే ఉంది. ఆవిడ మరిదిది కాదు. 22 వేల జీతం మీద అతన్ని తాండూరు నుంచి సేడం మార్చి నాలుగు నెలలైనా, ఆఫీసువాళ్లు ఇంకా తెలంగాణ లెక్కనే పట్టుకుంటున్నారు. లెక్కలు చూసే గుమాస్తాకు బదిలీ కాగితం చూపించి అడగమన్నాను. మరుసటి నెల జీతంతో 800 రూపాయలు తిరిగొచ్చాయి.