పాత కంప్యూటర్ పారేయనక్కర లేదు - లైనక్స్ ఉంది

మిర్యాలగూడ: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ మామూలుగా ఇచ్చే ఉచిత రక్షణ మరమ్మతులు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కొత్తదైన విండోస్ 11 ఎక్కాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ రకమైతే దాదాపు 8వ తరం ప్రాసెసరు ఉండాలి. అంతకన్న పాత యంత్రాలు ఎంత బాగా పనిచేస్తున్నా ఈ లెక్కలోకి రావు. రైసు మిల్లు గుమాస్తా బల్లమీద, డి.టి.పి. దుకాణంలో, చదువుకునే పిల్లల ఇళ్లలో ఉన్న పాత కంప్యూటర్లను తీసి పారేయవలసిందేనా? అక్కర లేదు. లైనక్స్ అనే ఉచిత మార్గం ఉంది. అయితే అది అందరికీ సరిపడదు.

గింజ ఒకటే, మిల్లులు వేరు

ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్‌ను వెలువరించాడు. దీని మూలభాగం పేరు కెర్నెల్, అంటే గింజ. ఒకే రకం వడ్లను ఒక మిల్లు పచ్చి బియ్యం, మరొక మిల్లు ఉప్పుడు బియ్యం చేసినట్లే, ఈ గింజకు కావలసిన ప్రోగ్రాములు చేర్చి పలు సంస్థలు పలు పేర్లతో ఇస్తున్నాయి. వీటినే డిస్ట్రిబ్యూషన్లు అంటారు.

విండోస్‌కు అలవాటు పడినవారికి లైనక్స్ మింట్ సులువు. కనీసం 2 జి.బి. మెమరీ ఉండాలి, 4 జి.బి. ఉంటే మేలు. బలహీనమైన యంత్రానికి అందులోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తేలిక. మింట్ 22కు 2029 వరకు మరమ్మతులు అందుతాయి. ఉబుంటు తీసుకునేవారు ఎల్.టి.ఎస్. అన్న గుర్తు చూసుకోవాలి. దానికి 5 ఏళ్ల భరోసా ఉంటుంది. 1993లో మొదలైన డెబియన్ నిలకడకు పేరు పొందింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సి-డాక్ రూపొందించిన బాస్, హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు లైనక్స్ డెబియన్ ఆధారంగా వచ్చినవే. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్ల తరబడి లైనక్స్‌పైనే నేర్చుకుంటున్నారు.

ఎవరు తొందరపడరాదు?

టాలీలో లెక్కలు రాసే మిల్లులు, వ్యాపారులు ఆలోచించి అడుగు వేయాలి. టాలీ విండోస్ కోసం తయారైనది. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసే దుకాణాల ఇబ్బంది మరీ ఎక్కువ. అను అక్షరాలు యూనికోడ్ కావు కనుక పాత ఫైళ్లు లైనక్స్‌లోని స్క్రైబస్‌లో యథాతథంగా తెరుచుకోవు. ఇలాంటివారు విండోస్‌ను ఉంచుకొని, పక్కనే లైనక్స్ పెట్టుకోవచ్చు. వేలిముద్ర యంత్రాలు, ప్రింటర్లు ఉన్నవారు అవి లైనక్స్‌లో పనిచేస్తాయో లేదో ముందే కనుక్కోవాలి.

ఉత్తరాలు, పట్టికలు, ఇంటర్నెట్, పిల్లల చదువు వరకే పని ఉన్నవారు నిశ్చింతగా మారవచ్చు. లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ ఉచితం. యూనికోడ్ తెలుగును ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో టైపు చేయవచ్చు.

శాంపిల్ చూసి...

వడ్లు కొనేముందు గుప్పెడు శాంపిల్ చూసినట్లే, లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, హార్డ్‌డిస్క్‌ను కదల్చకుండానే నడిపి చూడవచ్చు. తెర, వైఫై, ధ్వని, ప్రింటరు పనిచేస్తే అప్పుడు ఎక్కించుకోవచ్చు. దానికి ముందు ఫొటోలు, లెక్కలు, పత్రాలు వేరే డిస్క్‌లోకి నకలు తీసుకోవడం మరువరాదు. ఎక్కించేటప్పుడు ఒక్క మీట పొరపాటుగా నొక్కినా ఏళ్లనాటి ఖాతాలు చెరిగిపోగలవు.